మారుపేరు దొంగపేరు ఎట్లయితది?

(గోదావరిఖనిలో కార్మిక కుటుంబాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మారుపేర్ల సమస్య మీద నాకంటె ముందు మాట్లాడినోళ్ళు దరఖాస్తుల గురించి, ఎంక్వయిరీల గురించి, ఎలక్షన్ల ముందు యూనియన్లు ఇచ్చిన హామీల గురించి చెప్పిన్రు. నేను ఒక్క మాట పట్టుకొని మాట్లాడుత. ఆ మాట 'దొంగ'. మాటలదేముంది, పని ముఖ్యం గదా అని కొందరు అనుకోవచ్చు. కాని ఈ బెల్టుల ఎన్నో ఇండ్ల కొలువు ఈ ఒక్క మాట దగ్గరనే ఆగి ఉన్నది.

బాయి సంగతి ఎరుకలేని పల్లెల నుంచి వచ్చినోళ్ళు కూడ ఉన్నరు కాబట్టి ముందుగాల సమస్య చెప్త. ఒక పోచయ్య అనుకుందాం. పేరు నేను పెట్టిందే, ఎవ్వరినీ ఉద్దేశించింది కాదు. ఎనభైలల్ల మంథని దిక్కు నుంచో పెద్దపల్లి దిక్కు నుంచో వచ్చి బాయిల కోల్ ఫిల్లరుగ దిగిండు. కంపెనీ రిజిస్టరుల ఆయన పేరు రాజం. ఊర్లె రేషన్ కార్డుల పోచయ్య. ఓటరు లిస్టుల పోచం. ఒంట్లె సత్తువ ఉన్నన్నాళ్ళు తట్ట చెమ్మస్ పట్టి టబ్బులు నింపిండు. నడుము పోయింది, ఊపిరి పోయింది, మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అన్నది. కొడుకు కొలువు కోసం దరఖాస్తు పెట్టిండు. కొడుకు టెన్త్ మెమో మీద తండ్రి పేరు పోచయ్య. 'నువ్వు రాజం కొడుకువైతే ఈ పోచయ్య ఎవడు?' అని ఆఫీసుల అడిగిన్రు. ఫైలు విజిలెన్సుకు పోయింది. ఫైలు తిరుగుతాంటె పిల్లగాని వయసు ఆగదు గదా, అది దాటుతాంది. ఈలోపల వాడకట్టంత ఒక మాట పాకింది: 'వాళ్ళ నాయినది దొంగపేరట.'

ఈ కొలువు ఎంత పెద్ద సంగతో చెప్పనవసరం లేదు. 1990ల మొదట్ల లక్షా 10 వేలకు పైగ ఉన్న సింగరేణి కార్మికులు ఇయ్యాల 40 వేల దగ్గరికి వచ్చిన్రు. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017ల హైకోర్టు కొట్టేసింది. తర్వాత కార్మికుడు సచ్చిపోతేనో, మెడికల్ అన్‌ఫిట్ అయితేనో పిల్లలకు దొరికే కారుణ్య నియామకమే మిగిలిన దారి. ఆ సందుకు అడ్డంగ 'దొంగ' అనే మాట నిలబడ్డది.

మన భాషల దొంగకు రెండర్థాలున్నయి. సొత్తు ఎత్తుకపోయేటోడు దొంగ. అసలుది కానిది కూడ దొంగనే. దొంగనిద్ర అంటం. పిల్లగాడు బడి ఎగ్గొట్టనీకి కండ్లు మూసుకొని పంటడు, ఎవ్వని సొమ్ము పోయింది? దొంగ ఏడ్పు, దొంగ దండం, దొంగ కడుపునొప్పి, ఇవన్నీ ఆ తీరువే. దొంగనోటు, దొంగఓటు, దొంగసంతకం, దొంగతూకం వేరు. అక్కడ ఒకని సొత్తో హక్కో పోతది. భాష ఈ రెండిటిని ఒక్క మాటల కట్టి పెట్టింది. మామూలుగ మాట్లాడుకునేటప్పుడు ఇబ్బంది లేదు, సందర్భం చూసి అర్థం చేసుకుంటం. కాగితం మీదికి వచ్చినప్పుడే చిక్కు. గుమస్తా మనసుల 'అసలు పేరు కాదు' అనే అర్థం ఉండొచ్చు. నోటీసు ఇంగ్లీషుల వస్తది. దాన్ని చదివి చెప్పేటోడు 'దొంగపేరు అంటున్నరు' అంటడు. వాడకట్టోళ్ళకు వినబడేది మాత్రం మొదటి అర్థం. రాసినోడు అర్థం అడిగితే తప్పించుకుంటడు, ఇంటి ముందర తలదించుకునేటోడు ఇంకొకడు.

మరి మన బాయిలోళ్ళు దీన్ని ఏమంటున్నరు? మారుపేరు అంటున్నరు. ఈ మాట ఎవ్వరు పెట్టిన్రో గని మంచి మాట పెట్టిన్రు. మారుబట్ట అంటె ఇడిచిన బట్ట బదులు కట్టుకునేది. మారుమనువు అంటె మొగడు సచ్చిపోతెనో, పొసగక విడిపోతెనో ఆడిబిడ్డ మళ్ళ కట్టుకునే మనువు. మన కులాలల్ల మారుమనువు తప్పు కాదు, పెద్దమనుషులు కూసుండబెట్టి చేసేదే. దాన్ని పాపమన్నది ఎవరో మీకు తెలుసు. ఒక మనిషికి రెండో పేరు కూడ అసొంటిదే. పేరుకు మారుమనువు. (నవ్వులు) నవ్వుకోండి గని, ఆఫీసుల రాసేటప్పుడు మాత్రం ఈ మాటనే రాయుండ్రి.

అసలు ఈ రెండో పేర్లు ఎట్ల వచ్చినయి? ఊర్లె పోచయ్యను ఎవ్వరు పోచయ్య అన్నరు? దొర గడిల ఆయన పోచిగాడు. పటేలుకు పోచిగాడు, పట్వారీకి మాదిగ పోచిగాడు. తల్లి పిలిచేది పోచా అని. నిండు పేరుతోని పిలిచేటోళ్ళు లేని మనిషికి 'నీ నిండు పేరేంది' అని మొట్టమొదట అడిగింది బాయి గేటుకాడి గుమస్తా. ఈయనకు చదువు రాదు. గుమస్తా ఏం విన్నడో అది రాసిండు. పోచయ్యను పోచం చేసుడు, లసుమయ్యను లక్ష్మయ్య చేసుడు, తండ్రి పేరు తెచ్చి కొడుకు గడిల పెట్టుడు, ఇసొంటివి చేతిరాత రిజిస్టర్లల్ల ఎన్నైనా అయితయి. ఆ రాసింది చదివి సరిచూసుకునే అక్షరం మన చేతికి ఎవ్వరు ఇచ్చిన్రు? వెయ్యేండ్లు బడి గడప తొక్కనియ్యనోళ్ళు, ఇయ్యాల స్పెల్లింగు తప్పిందని మనల నిలబెట్టి అడుగుతున్నరు.

ఇంకో తీరు కూడ ఉన్నది, దాన్ని దాచి మాట్లాడితె లాభం లేదు. పిలుపు కాగితం అన్నకు వచ్చింది, అన్నకు చాతకాలేదు, తమ్ముడు ఆ పేరు మీద దిగిండు. ఒకరి ఎంప్లాయిమెంటు కార్డు మీద ఇంకొకరు వచ్చిన్రు. నాగాలు ఎక్కువై ఒకపారి తీసేస్తె, మళ్ళ ఇంకో పేరుతోని కొలువు పట్టినోళ్ళు ఉన్నరంటరు. వీళ్ళను గుమస్తా తప్పు ఖాతాల వెయ్యలేము. తెలిసే వేరే పేరు చెప్పిన్రు. వీళ్ళను దొంగలందామా?

ఇక్కడ చట్టం ఏమంటదో చూద్దాం. ఎవ్వడన్న మోసం చేస్తె ఫోర్ ట్వంటీ గాడు అంటం. 1860 నాటి పీనల్ కోడ్‌ల 420వ సెక్షన్ మోసానిది. 2024 జులై 1 నుంచి ఆ కోడ్ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, మోసం 318ల పడ్డది. తిట్టు మాత్రం ఇంక 420 కాడనే ఉన్నది. ఇంకొక మనిషినని చెప్పి మోసం చేస్తె అప్పుడు 419, ఇప్పుడు 319. పాత కోడ్ 24వ సెక్షన్‌ల 'నిజాయితీ లేకుండ చేసుడు' అంటె ఏందో చెప్పిన్రు: న్యాయంగ రాని లాభం ఒకరికి రావాలనో, అన్యాయంగ నష్టం ఒకరికి కలగాలనో అనుకొని చేసిన పని. అంటె చట్టం కూడ పేరు ఒక్కటే చూస్తలేదు. లాభం ఎవ్వరికి, నష్టం ఎవ్వరికి అని అడుగుతాంది. కోర్టుల గెలుస్తమా ఓడుతమా అనేది వకీళ్ళు చెప్పాలె. నేను ఆ ప్రశ్న ఒక్కటి తీసుకొని అడుగుత.

తమ్ముడు అన్న పేరు మీద దిగిండు. కంపెనీకి ఏం నష్టమైంది? నింపిన టబ్బు ఉత్తుత్తి టబ్బా? అండ్ల బొగ్గు లేదా? మస్టరు పడ్డనాడు మనిషి బాయిల లేడా? పై కప్పు కూలితె ఎవ్వని మీద కూలతది, రిజిస్టరుల పేరు మీదనా? 2003 జూన్ 16 నాడు గోదావరిఖని 7 ఎల్ఈపీ బాయిల నీళ్ళు మొగులుకొని 17 మంది సచ్చిపోయిన్రు. నీళ్ళు పేరు అడిగి రాలేదు. ఆయన తీసుకున్నది చేసిన పనికి కూలి. ఆ కూలి న్యాయంగ రాని లాభం ఎట్లయితది?

కాని ఆ కార్డు అసలు మనిషి ఎవ్వరు అని కూడ అడగాలె. ఆయన ఇష్టపడి ఇచ్చిండా? లేక ఒక మాదిగ పిల్లగాని కార్డు పటేలు కొడుకు గుంజుకొని ఆ పేరుతోని కొలువుల చేరిండా? రెండోదైతె అది సాఫుగ దొంగతనం. సొత్తు పోయినోడు కనబడుతాండు. మారుపేరు అని మనం దానికి ముసుగు కప్పొద్దు.

పేరు మారుడు మన చరిత్రల కొత్త కాదు. బాబాసాహెబ్ ఇంటిపేరు వాళ్ళ ఊరు అంబడవె మీద అంబవడేకర్. బడి రికార్డుల అంబేడ్కర్ అయ్యింది. రాజ్యాంగం రాసింది ఆ పేరుతోనే. 1888ల హైదరాబాదుల పుట్టిన మాదరి భాగయ్య, భాగ్యరెడ్డి వర్మ అయ్యిండు. మాలమాదిగలను ఆది హిందువులని పిలిచి, బడులు పెట్టి నడిపిండు. గుమ్మడి విఠల్‌రావును ఎంతమందికి తెలుసు? గద్దర్ అంటె తెలువనోళ్ళు లేరు. ఆయన పేరు గదర్ పార్టీ మీద పెట్టుకున్నది, తిరుగుబాటు అని అర్థం. ఉర్దూల కొంచెం సాగదీసి 'గద్దార్' అంటె ద్రోహి. చూసిన్రా, ఒక దీర్ఘం తేడా. 2023ల ఆయన పోయిననాడు జనం ఏ అర్థంతోని ఏడ్సిన్రో మనకు ఎరుకే. బాపనాయన వేరే పేరుతోని రాస్తె కలం పేరు అంటరు. ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివశంకర శాస్త్రి, ఆయనది దొంగపేరు అని ఎవ్వరన్న అన్నరా? అనొద్దు కూడ. సన్నాసి పేరు మార్చుకుంటె దీక్షానామం. సిన్మాల వేసేటోళ్ళది స్క్రీన్ పేరు. పోలీసు రికార్డులకు ఎక్కినోనిది అలియాస్. మన పోచయ్యది దొంగపేరు.

పేరు ఒక్కటే కాదు, బొగ్గు సంగతి చూడుండ్రి. సైకిలు మీద బస్తా బొగ్గు పెట్టుకపోయే మనిషిని బొగ్గు దొంగ అంటరు, సెక్యూరిటోళ్ళు బస్తా గుంజుకుంటరు. కట్ట మీద ముక్కలు ఏరుకునే ఆడిబిడ్డది కూడ అదే పేరు. మరి దేశంల బొగ్గు బ్లాకులకు బ్లాకులే పంచిపెట్టిన్రు గదా. 2014 సెప్టెంబరు 24 నాడు సుప్రీంకోర్టు 218ల 214 కేటాయింపులు రద్దు చేసింది. పేపర్లు దాన్ని ఏమన్నయి? అవకతవకలు అన్నయి, మహా అయితె కుంభకోణం అన్నయి. బస్తా ఎత్తుకపోతె దొంగ. గని ఎత్తుకపోతె అవకతవక. పాత చట్టం ఒకటి ఉండె, 1871ల ఇంగ్లీషోడు చేసింది, కులాలకు కులాలనే పుట్టు దొంగలని రాసిపెట్టింది. ఎరుకలోళ్ళు ఆ ముద్ర మోసిన్రు. 1952ల చట్టం తీసేసిన్రు. ముద్ర పోయిందా అని స్టూవర్టుపురం పోయి అడగండి.

ఇంక ఈ మాటతోని వ్యాపారం ఎట్ల నడుస్తదో చెప్త. పైరవీ అనే మాట మనకందరికి ఎరుకే. ఫార్సీ నుంచి ఉర్దూకు, ఉర్దూ నుంచి మనకు వచ్చింది. అసలు అర్థం వెంట నడుచుడు, కేసు వెంట తిరుగుడు. చెడ్డ మాట కాదు. తన అర్జీ వెంట తాను తిరిగితె అదీ పైరవీనే. ఇప్పుడు ఆ అర్థం పోయి డబ్బు తీసుకొని పని చేయించుడు మిగిలింది. మనిషిని నువ్వు దొంగవి అని ఒకపారి అన్నంక ఆయన తన కాగితం తాను పట్టుకొని ఆఫీసు మెట్లు ఎక్కలేడు. ఎక్కితె అరెస్టు చేస్తరేమో అని భయం. అప్పుడు పైరవీకారు ఇంటికి వస్తడు: 'నీ కేసు చాన గట్టి కేసు, పైన మాట్లాడాలె.' కేసు ఎంత గట్టిదైతె రేటు అంత గట్టిది. పోచయ్య, పోచం, రాజం తేడా ఒక అర్జీతోని, ఒక పంచనామతోని తేలాల్సిన సంగతి. దానికి దొంగ అనే మాట తగిలిస్తె లక్షల ధర పలుకుతది. పైరవీకార్లల్ల మనోళ్ళు కూడ ఉన్నరు. నీలి కండువ వేసుకొని బేరం మాట్లాడితె బేరం పవిత్రం కాదు.

ఒక సంగతి మగోళ్ళు మాట్లాడరు కాబట్టి నేను చెప్త. పోచయ్య సచ్చిపోయిండు. పింఛను కాగితంల ఆయమ్మ 'రాజం భార్య'. ఊర్లె 'పోచయ్య పెండ్లాం'. ఎంక్వయిరీకి వచ్చినాయన నలుగురు వినంగ అడుగుతడు: 'నీ మొగడు రాజమా, పోచయ్యనా?' నలభై ఏండ్లు ఒక్క మనిషితోని కాపురం చేసిన ముసలమ్మకు ఇద్దరు మొగండ్లను అంటగట్టుడు అది. మొగని పేరు నోటితోని పలుకని కాలపామె ఆమె. ఆ ప్రశ్నకు ఏడ్చుకుంట లోపలికి పోతె, 'భార్య సరైన జవాబు చెప్పలేదు' అని రిపోర్టు తయారైతది. ఎంక్వయిరీ చేసుడు తప్పని మనం అంటలేం. వాకిట్ల నిలబెట్టకుండ, ఆడమనిషిని వెంట తీసుకొచ్చి, కూసుండబెట్టి అడుగుమంటున్నం. ఇది హక్కుగ అడుగుండ్రి.

అట్లని దొంగలు లేరా? ఉన్నరు. ఆ మాటను వాళ్ళ కోసం దాచిపెట్టుండ్రి. లేని అల్లుణ్ణి సృష్టించి, దత్తత కాగితం పుట్టించి, కార్మికుని కొలువును బయటోనికి అమ్మితె అది దొంగతనం. అక్కడ పోయింది ఆ ఇంటి బిడ్డ బతుకు. అమ్మినోడు తాగుబోతు తండ్రి కావచ్చు, కొన్నోడు పైసలున్నోడు కావచ్చు, మధ్యల తిన్నోడు మన దోస్తు కావచ్చు. మారుపేరోళ్ళ గుంపుల వీళ్ళు కూడ దూరి నిలబడతరు. వీళ్ళను మనమే బయటికి జరపకపోతె అసలు బాధితుని మాట ఎవ్వడూ నమ్మడు.

బోగస్ కుల సర్టిఫికెట్ కూడ దొంగతనమే. మన రాష్ట్రంల దీనికోసం 1993ల 16వ నంబరు చట్టమే వచ్చింది. 1994ల మాధురి పాటిల్ కేసుల సుప్రీంకోర్టు స్క్రూటినీ కమిటీలు పెట్టుమన్నది. 2017ల ఎఫ్‌సీఐ కేసుల ఇంకా గట్టిగ చెప్పింది. మన ఎరువుల ఎఫ్‌సీఐ కాదు, తిండిగింజల ఎఫ్‌సీఐ. దొంగ సర్టిఫికెట్‌తోని పట్టిన కొలువు ఎన్నేండ్లు చేసినా నిలబడదన్నది. ఎందుకు? ఆ కుర్చీల కూసోవాల్సిన ఒక ఎస్సీ పిల్లగాడో ఎస్టీ పిల్లదో బయట నిలబడ్డది కాబట్టి. 'ముప్పై ఏండ్లు పని చేసిన్రు గదా, మా పోచయ్య లెక్కనే విడిచిపెట్టుండ్రి' అని వాళ్ళు కూడ అడగొచ్చు. పోచయ్య ఎవ్వని కుర్చీల కూసున్నడు? ఆ జవాబు చెప్పి మాట్లాడుమనుండ్రి.

ఇగ పని సంగతి. బాయిల చేరిననాడు రాసిన రిజిస్టరును ఫారం-బి అంటరు. అప్పటి గనుల చట్టం కింద ప్రతి గనిల ఉండాల్సి ఉండె. అండ్ల పేరు, తండ్రి పేరు, ఊరు, చేరిన తేది ఉంటయి. సంతకమో, వేలిముద్రో ఉంటది. మనోళ్ళు ఎక్కువమంది పెట్టింది వేలిముద్ర. ఏకలవ్యుని బొటనవేలు గురువు అడుక్కున్నడు గని, పోచయ్య బొటనవేలు ఇంక రిజిస్టరుల భద్రంగ ఉన్నది. పేరు ఎన్నిసార్లు మారినా అది మారదు. 2005 సమాచార హక్కు చట్టం కింద మీ తండ్రి ఫారం-బి కాపీ అడుగుండ్రి. ప్రావిడెంట్ ఫండ్ కాగితాలు, పాత జీతం చీటీలు, కంపెనీ దవాఖాన పుస్తకం, క్వార్టరు కాగితం, ఏది ఉంటె అది తియ్యుండ్రి. కార్మికుడు బతికుంటె వేలిముద్ర ఇప్పుడే సరిపోల్చుమని రాతపూర్వకంగ అడుగుండ్రి. బతికున్నప్పుడు అడుగుడు శానా ముఖ్యం, పోయినంక సాక్ష్యం సగమైతది.

అర్జీ రాసేటప్పుడు 'మేము తప్పు చేసినాము, దయతో క్షమించగలరు' అని మొదలుపెట్టకుండ్రి. బయట టైపు కొట్టేటాయన అలవాటుగ అదే కొడతడు. గుమస్తా పేరు తప్పు రాస్తె క్షమాపణ ఎవ్వరు చెప్పాలె? తెలిసి వేరే పేరు మీద దిగినోళ్ళు అయితె, ఎవ్వరి పేరు, ఆయన ఎవ్వరు, ఎందుకు ఇచ్చిండు, ఇప్పుడు యాడున్నడు, ఆయనో ఆయన పిల్లలో వచ్చి చెప్పగలరా అనేది ఉన్నదున్నట్టు రాయాలె. అబద్ధం మీద ఇంకో అబద్ధం పేర్చితె మొదటి దాన్ని కూడ కాపాడలేం.

ఒక చీటీ వచ్చింది. 'దొంగపేరు అనొద్దంటున్నరు, మరి దరఖాస్తుల ఏమని రాయాలె?' అని అడిగిన్రు. ఇట్ల రాయుండ్రి: కంపెనీ రికార్డులో రాజం, ఊరి రికార్డులో పోచయ్య, ఇద్దరూ ఒక్కరే, వేలిముద్ర సరిచూడగలరు. ఎదురుంగ కూసున్న కార్యకర్తలు ఈ వారం మీ మీ బస్తీలల్ల ఇసొంటి ఇండ్లు ఎన్ని ఉన్నయో ఒక నోటు పుస్తకంల రాసుకొని రండి. రెండు పేర్లు రెండు గడులల్ల రాయుండ్రి. మూడో గడి ఖాళీగ పెట్టి, ఆ పేరు వల్ల నష్టపోయినోళ్ళు ఎవ్వరన్న ఉన్నరా అని అడిగి రాయుండ్రి. ఉంటె వాళ్ళ ఇంటికి కూడ పోదాం.

జై భీమ్.